చీకటిని చీకటిగానే తీద్దాం



వానాకాలం మొదలైందంటే హైదరాబాదు, విశాఖపట్నం, విజయవాడ లాంటి ఊళ్లలో డాబాల మీద ఒక పిలుపు వినిపిస్తూ ఉంటుంది. "మా బ్రహ్మకమలం ఈ రాత్రికి పూసేలా ఉందండీ, పిల్లల్ని తీసుకుని రండి" అని. భోజనాలు తొందరగా ముగించుకుని చుట్టుపక్కల వాళ్లు వస్తారు. కుండీ దగ్గర అగరొత్తులు వెలుగుతాయి. కొందరు పసుపు కుంకుమలు పెట్టి హారతి ఇస్తారు. అందరూ ఫోన్లు తీస్తారు. తెల్లవారేసరికి వాట్సాప్ నిండా తెల్లటి పూలే. అయితే ఆ ఫోటోలన్నిటిలో కనిపించేది విచ్చిన పువ్వు. మొగ్గ పువ్వుగా మారిన ఆ రెండు మూడు గంటలు వాటిలో ఎక్కడా ఉండవు. ఎంతో ఓపికగా కుండీ ముందే కూర్చున్నవాళ్లకైనా కదలిక కంటికి ఆనదు. ఇందాక మూసి ఉంది, ఇప్పుడు తెరుచుకుంది అని మాత్రమే తెలుస్తుంది.

కంటికి ఆనని ఆ కదలికను ఆనేలా చేసేది టైమ్‌లాప్స్ వీడియో. కెమెరాను ఒకచోట కదలకుండా నిలబెట్టి, కొన్ని సెకన్లకు ఒక ఫోటో చొప్పున గంటల తరబడి తీస్తూ పోయి, ఆ ఫోటోలన్నిటినీ వరసగా పేర్చి వీడియోగా ఆడించడమే టైమ్‌లాప్స్. పగటిపూట మేఘాలను, ట్రాఫిక్‌ను ఇలా తీసేవాళ్లు చాలామంది ఉన్నారు. డాబా మీద మొక్కలు పెంచుకునే మన సరదా మాత్రం సగం రాత్రిపూటే జరుగుతుంది. ఆ రాత్రిని, అతి తక్కువ వెలుతురులో, ఎలా చిత్రించాలన్నదే ఈనాటి నా ప్రసంగం.

నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. చీకట్లో వీడియో తీయాలనగానే ఎవరికైనా మొదట తోచేది లైటు పెట్టడం. టైమ్‌లాప్స్‌కు ఆ అవసరం దాదాపు లేదు. వెలుతురు తక్కువైన చోట కెమెరాకు కాలం ఎక్కువ ఇస్తే సరిపోతుంది. చీకటిని భరించగల చలనచిత్రం ఏదైనా ఉందంటే అది టైమ్‌లాప్సే. ఎందుకో చెబుతాను.

ముందుగా ఈ మొక్క గురించి రెండు మాటలు. మన ఇళ్లలో బ్రహ్మకమలం అని పెంచుకునేది కాక్టస్ కుటుంబానికి చెందిన మొక్క. దీని పుట్టిల్లు మెక్సికో దక్షిణ భాగం, మధ్య అమెరికా. వృక్షశాస్త్రంలో దీన్ని ఎపిఫిల్లమ్ ఆక్సిపెటాలమ్ అంటారు. ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పమైన హిమాలయాల బ్రహ్మకమలం పూర్తిగా వేరే మొక్క, అది చామంతి కుటుంబానిది. మన కుండీలో మొక్కకు ఆకుల్లా కనబడేవి నిజానికి చదునుగా సాగిన కాండాలు. వాటి అంచున ఉండే నొక్కుల్లోంచి మొగ్గ పుడుతుంది. మొదట కిందికి వేలాడుతుంది. పూసే రోజు దగ్గరపడేకొద్దీ పొడవాటి కాడ వంపు తిరిగి మొగ్గను పైకి ఎత్తుతుంది. మొగ్గ బాగా ఉబ్బి, కొన దగ్గర కొద్దిగా వదులై కనిపించిందంటే ఆ రాత్రే పువ్వు. చీకటి పడ్డాక విచ్చడం మొదలై, అర్ధరాత్రికి నిండుగా తెరుచుకుని, తెల్లవారేసరికి వాడిపోతుంది. తెల్లటి రంగు, దూరానికి సోకే పరిమళం, ఈ రెండూ రాత్రి ఎగిరే పెద్ద చిమ్మటలను పిలవడానికి. చీకట్లో బతికే పురుగు కోసం చీకట్లో పూసే పువ్వు ఇది. కాబట్టి చీకటి కూడా ఈ కథలో ఒక పాత్ర. ఫ్లాష్ కొట్టి, బల్బులు పెట్టి దాన్ని తరిమేస్తే తీసిన కథలో సగం పోయినట్టే.

ఇప్పుడు లెక్కకు వద్దాం. మామూలు వీడియోలో సెకనుకు 25 ఫ్రేములు అనుకుందాం. అంటే ఒక్కో ఫ్రేముకు దక్కే సమయం మహా అయితే సెకనులో 25వ వంతు. అంతకు మించి షట్టర్ తెరిచి ఉంచే వీలు లేదు, వెనకే తరువాతి ఫ్రేము సిద్ధంగా ఉంటుంది. రాత్రిపూట అంత తక్కువ సమయంలో సెన్సర్ మీద పడే వెలుతురు ఏ మూలకూ చాలదు. చాలని వెలుతురును కెమెరా బలవంతంగా పెంచి చూపిస్తుంది. అందుకే చీకట్లో తీసిన మామూలు వీడియోలు ఇసక చల్లినట్టు, చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి.

టైమ్‌లాప్స్‌లో పరిస్థితి వేరు. 12 సెకన్లకు ఒక ఫోటో తీస్తున్నామనుకోండి. మూడు గంటలంటే 10,800 సెకన్లు. అంటే 900 ఫోటోలు. వాటిని సెకనుకు 25 చొప్పున ఆడిస్తే 36 సెకన్ల వీడియో వస్తుంది. మూడు గంటల పువ్వు 300 రెట్ల వేగంతో కళ్లముందు విచ్చుకుంటుంది. ఇక్కడ గమనించాల్సింది ఫోటోకూ ఫోటోకూ మధ్య ఉన్న ఆ 12 సెకన్లు. ఎలాగూ ఎదురుచూడక తప్పని సమయం అది. అందులో 8 సెకన్లు షట్టర్ తెరిచే ఉంచవచ్చు. మిగిలిన 4 సెకన్లు ఫోటో కార్డు మీదికి ఎక్కడానికి సరిపోతాయి. మామూలు వీడియో ఫ్రేముకు దొరికే సమయంతో పోలిస్తే 8 సెకన్లంటే 200 రెట్లు. కుళాయిలో నీళ్లు సన్నటి ధారగా వస్తున్నా, బిందె కింద పెట్టి ఓపిక పడితే నిండినట్టే, సన్నటి వెలుతురుతో కూడా ఫోటో నిండుతుంది.

మరి 8 సెకన్లలో రేకు కదిలిపోయి ఫోటో చెదరదా అన్న అనుమానం రావడం సహజం. రేకు కొన మూడు గంటల్లో పది సెంటీమీటర్లు ప్రయాణించిందనుకుందాం. ఆ లెక్కన 8 సెకన్లలో అది కదిలేది మిల్లీమీటర్లో పదో వంతు కూడా ఉండదు. వీడియోలో ఆ మాత్రం తేడా కనబడదు. పువ్వు తనంతట తాను ఫోటోను చెదరగొట్టదు. చెదరగొట్టేది గాలి. దాని సంగతి తరువాత చెబుతాను.

అసలు ఎంత చీకట్లో తీయగలం? దీనికీ ఒక లెక్క ఉంది. పాత ఫోటోగ్రాఫర్లు నోటికి చెప్పుకునే కొండగుర్తు ఒకటుంది. మంచి ఎండలో అపెర్చర్ (లెన్స్ తెరుపు) ఎఫ్ 16, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, షట్టర్ సెకనులో 100వ వంతు పెడితే ఫోటో సరిగ్గా వస్తుంది. పున్నమి చంద్రుడికన్నా సూర్యుడు దాదాపు 4 లక్షల రెట్లు ప్రకాశవంతం. వినడానికి గుండె జారే అంకె. కానీ అపెర్చర్‌ను ఎఫ్ 16 నుంచి ఎఫ్ 2.8కి తెరిస్తే లెన్స్‌లోకి 32 రెట్లు ఎక్కువ వెలుతురు వస్తుంది. ఐఎస్ఓను 100 నుంచి 1600కు పెంచితే మరో 16 రెట్లు కలిసివస్తుంది. రెండూ గుణిస్తే 512 రెట్లు. 4 లక్షలను 512తో భాగిస్తే దాదాపు 780. ఎండలో సెకనులో 100వ వంతు పట్టిన ఫోటోకు అంతకు 780 రెట్ల సమయం, అంటే సుమారు 8 సెకన్లు కావాలి. మనం ఇందాక షట్టర్‌కు కేటాయించిన సమయం కూడా అంతే! కేవలం పున్నమి వెన్నెలతో, మరే దీపమూ లేకుండా, పట్టపగలు తీసినంత స్పష్టంగా తీయవచ్చన్నమాట. నిజానికి అంత వెలుగు కూడా మనకు అక్కర్లేదు. రాత్రి రాత్రిలాగే కనిపించాలి కదా. ఒకటి రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు సగం) తగ్గించి తీస్తేనే ఆ దృశ్యానికి నిజాయితీ.

మన ఊళ్లలో వానాకాలం రాత్రుళ్లు చంద్రుడు కనిపించడం అరుదే. అయినా నగరంలో ఉండేవాళ్లు దిగులుపడనక్కర్లేదు. మబ్బు కమ్మిన రాత్రి నగరం వెలుతురంతా మబ్బుకు తగిలి కిందికి తిరిగివస్తుంది. డాబా మీద నిలబడితే మన చేతులు మనకు కనిపిస్తాయి. కెమెరాకు అది చాలు. వీధిలైటు వెలుతురు ఏ మూల నుంచో పిట్టగోడ మీదుగా పడుతుంటే మరీ మంచిది. ఎందుకంటే వెన్నెల మబ్బుల చాటుకు పోతూ వస్తూ ఉంటుంది, నీడలు జరుగుతూ ఉంటాయి. వీధిలైటు రాత్రంతా ఒక్కలాగే ఉంటుంది.

ఇంత చెప్పినా కొందరు మిత్రులు "చిన్న ఎర్రబల్బు పెడితే తప్పేంటి, పాతకాలం డార్క్‌రూముల్లో పెట్టేవాళ్లు కదా" అని అడుగుతుంటారు. డార్క్‌రూములో వాడే ఫోటో కాగితానికి ఎర్ర వెలుతురు కనబడదు నిజమే. మొక్కకు మాత్రం బాగా కనబడుతుంది. మొక్కల్లో ఫైటోక్రోమ్ అనే ఒక పదార్థం ఉంటుంది. రాత్రి ఎంత పొడవుందో మొక్క తెలుసుకునేది దాని సాయంతోనే. దాన్ని ఎక్కువగా కదిలించేది ఎర్ర వెలుతురే. చామంతి రైతులకు ఇది పనిలో తెలిసిన విషయం. చామంతికి పొడవైన రాత్రి దొరికితేనే మొగ్గ తొడుగుతుంది. పూత ఆలస్యం చేయాలనుకున్నప్పుడు రైతులు రాత్రిపూట తోటలో బల్బులు వెలిగిస్తారు. మొక్క ఆ రాత్రిని పొట్టి రాత్రి అనుకుని పూత ఆపుకుంటుంది. పండి సిద్ధమైన బ్రహ్మకమలం మొగ్గ ఒక్క పూట దీపానికి వెనక్కి పోదు. అయినా పక్క కుండీలో చామంతి ఉండవచ్చు. పరిమళం పట్టుకుని వచ్చిన చిమ్మట పువ్వును వదిలి బల్బు చుట్టూ తిరగవచ్చు. మన సరదా కోసం తోటలో మిగతా ప్రాణుల రాత్రిని పాడుచేయడం తోట పెంచేవాళ్లకు తగదు.

ఈ టైమ్‌లాప్స్ విద్యను తొలినాళ్లలో పెంచినవాళ్లను కూడా ఇక్కడ తలచుకోవాలి. 1898 నుంచి 1900 వరకు జర్మనీలోని లైప్జిగ్‌లో విల్హెల్మ్ ఫెఫర్ అనే వృక్షశాస్త్రవేత్త మొక్కల కదలికలను ఇలా ఫోటోలుగా తీసి, వేగంగా ఆడించి విద్యార్థులకు చూపించాడు. సినిమా పుట్టి అప్పటికి నాలుగైదేళ్లకు మించలేదు. ఆ తరువాత లండన్‌లో పెర్సీ స్మిత్ అనే ఆయన వచ్చాడు. ఆయన విద్యాశాఖలో గుమాస్తా. ప్రకృతిని చిత్రించడం ఆయన సరదా. 1910లో ఆయన తీసిన 'ది బర్త్ ఆఫ్ ఎ ఫ్లవర్' సినిమాలో పూలు ఒకదాని తరువాత ఒకటి విచ్చుకుంటుంటే జనం విస్తుపోయి చూశారు. అమెరికాలో జాన్ ఆట్ అనే బ్యాంకు ఉద్యోగి ఇదే సరదాతో మొదలుపెట్టి, చివరికి డిస్నీ సంస్థ 1956లో విడుదల చేసిన 'సీక్రెట్స్ ఆఫ్ లైఫ్' చిత్రానికి పూల దృశ్యాలు తీసే స్థాయికి ఎదిగాడు. మన దేశంలో జగదీశ్ చంద్ర బోస్ సినిమా కెమెరా దారిలో వెళ్లకుండా, మొక్క పెరుగుదలను వేల రెట్లు పెద్దది చేసి చూపే క్రెస్కోగ్రాఫ్ అనే యంత్రాన్ని తయారుచేశారు. అందరిదీ ఒకటే తపన. మొక్క కదులుతుంది, ఆ కదలిక మన కంటికి అందే వేగంలో లేదు, దాన్ని అందేలా చేయాలి. గుమాస్తా ఉద్యోగం, బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ ఈ కళను పెంచినవాళ్ల ముందు మన ఇబ్బందులు పెద్దవేమీ కావు. వాళ్లకు ఒక్కో ఫ్రేముకు ఫిలిమ్ ఖర్చయ్యేది. మనకు 900 ఫోటోలు తీసినా కార్డులో చోటు తప్ప ఖర్చు లేదు.

ఇక పనిలోకి దిగుదాం. మొగ్గ పైకి లేచిన రోజే కెమెరాకు చోటు చూసుకోవాలి. ఎదురుగా కన్నా పక్క నుంచి తీస్తే మేలు. రేకులు వెనక్కి విరుచుకునే తీరు పక్క నుంచే బాగా తెలుస్తుంది. మొగ్గ ఎంత ఉందో చూసి ఫ్రేము పెట్టకండి. విచ్చిన పువ్వు అడ్డంగా పదిహేను సెంటీమీటర్ల దాకా ఉంటుంది, పైగా విచ్చేటప్పుడు కాడ కూడా కదులుతుంది. మొగ్గ ముందు, పైన ఖాళీ బాగా వదలాలి. మూడు కాళ్ల ట్రైపాడ్ మధ్య కొక్కేనికి నీళ్ల సీసా గాని ఇటుక పెట్టిన సంచి గాని వేలాడదీస్తే గాలికి కదలదు. ఆ రాత్రి నీళ్ల మోటారు వేయొద్దని ఇంట్లో ముందే చెప్పాలి. మోటారు ఆడినంతసేపూ డాబా సన్నగా అదురుతుంది. కాళ్లకు తెలియకపోయినా 8 సెకన్ల ఫోటోకు తెలుస్తుంది.

ఫోకస్ చీకట్లో కుదరదు. కెమెరాను దాని మానాన వదిలేస్తే ప్రతి ఫోటోకూ ఫోకస్ కోసం తడుముకుంటుంది. అందుకని టార్చి వెలుతురు మొగ్గ మీద వేసి, స్క్రీన్ మీద బొమ్మను పెద్దది చేసి చూసుకుని, చేత్తో ఫోకస్ కుదుర్చుకోవాలి. కుదిరాక మాన్యువల్‌లోకి మార్చి, లెన్స్ రింగు కదలకుండా చిన్న టేపు ముక్క అంటించాలి. వైట్ బ్యాలెన్స్, ఐఎస్ఓ, అపెర్చర్, షట్టర్ నాలుగూ మనమే పెట్టి వదిలేయాలి. వీటిలో ఏ ఒక్కటి ఆటోలో ఉన్నా వీడియో మిణుకుమిణుకుమంటుంది. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు స్టెబిలైజేషన్ ఆపేయాలి.

ఎక్స్‌పోజర్ విషయంలో ఒక చిక్కు ఉంది. మొదలుపెట్టేటప్పుడు మన ముందున్నది లేత ఎరుపు, ఆకుపచ్చ కలిసిన ముదురు మొగ్గ. రెండు గంటల తరువాత అదే చోట మెరిసే తెలుపు ఉంటుంది. మొగ్గకు తగ్గట్టు ఎక్స్‌పోజర్ పెడితే పువ్వు తెల్లటి ముద్దై, రేకుల గీతలన్నీ మాయమవుతాయి. దీనికి సులువైన ఉపాయం ఉంది. ఒక తెల్ల చేతిరుమాలును మొగ్గ పక్కన పట్టుకుని పరీక్షగా నాలుగు ఫోటోలు తీయండి. రుమాలు నేత స్పష్టంగా కనబడేలా ఎక్స్‌పోజర్ పెట్టండి. అలా చేస్తే పువ్వు తన తెలుపులో కూడా మడతలు పోగొట్టుకోదు. అపెర్చర్‌ను మరీ తెరిస్తే ముందు రేకులో వెనక రేకులో ఏదో ఒకటి మసకబారుతుంది. అందుకని ఎఫ్ 5.6కు తగ్గించి, ఐఎస్ఓను 3200కు పెంచడం చాలామందికి నచ్చే మధ్యేమార్గం.

ఎక్కువసేపు తెరిచి ఉంచిన సెన్సర్‌లో వేడి వల్ల కూడా చుక్కలు పుడతాయి. ఆరేడు డిగ్రీలు వేడి పెరిగితే ఈ చుక్కలు దాదాపు రెట్టింపవుతాయి. మన ఎండాకాలం రాత్రుళ్లతో పోలిస్తే వానాకాలం రాత్రి ఈ పనికి అనుకూలం. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ అని కెమెరాలో ఒక సదుపాయం ఉంటుంది. దాన్ని ఆపేయాలి. అది ఆన్‌లో ఉంటే ప్రతి ఫోటో తరువాత షట్టర్ మూసి మరో 8 సెకన్లు తీసుకుంటుంది, మన 12 సెకన్ల వరస చెడిపోతుంది. దానికి బదులు పని అంతా అయ్యాక లెన్స్‌కు మూత పెట్టి, అవే సెట్టింగులతో కొన్ని చీకటి ఫోటోలు తీసి ఉంచుకుంటే, తరువాత కంప్యూటర్‌లో వాటి చుక్కలను తీసేయవచ్చు.

ఏసీ గదిలోంచి కెమెరాను నేరుగా డాబా మీదికి తేకండి. మన కోస్తా ఊళ్ల తేమకు లెన్స్ మీద క్షణంలో మంచు పడుతుంది. సంచిలోనే ఉంచి గంట ముందు బయట పెడితే బయటి వేడికి అలవాటు పడుతుంది. బ్యాటరీని నమ్ముకోకుండా పవర్ బ్యాంక్ తగిలించాలి, దాన్ని నేల మీద కాకుండా స్టూలు మీద పెట్టాలి. వాన చినుకు పడితే నీళ్లు ముందు చేరేది నేల మీదికే. గాలి సంగతి చెబుతానన్నాను. పువ్వును ఎప్పుడూ కట్టకూడదు. పువ్వు మోసే కాండాన్ని రెండు చోట్ల మెత్తటి నూలు గుడ్డ పేలికతో కర్రకు వదులుగా కట్టాలి. గాలి ఎక్కువుండే డాబా అయితే పిట్టగోడ వారన, గాలి మొహం తగలని వైపు కుండీని ముందే పెట్టుకోవాలి.

ఖరీదైన కెమెరా లేదని ఆగనక్కర్లేదు. ఇప్పుడు చాలా ఫోన్లలో ప్రో మోడ్‌లో షట్టర్‌ను కొన్ని సెకన్లపాటు తెరిచి ఉంచవచ్చు. ఫోన్‌ను ట్రైపాడ్‌కు బిగించి, ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఛార్జరు తగిలిస్తే చాలు. ఫోటోలను వీడియోగా పేర్చడానికి డావించీ రిజాల్వ్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతున్నాయి.

పక్కింటివాళ్లను పిలవొద్దని నేను అనను. పువ్వు చూడటానికి పదిమంది చేరడం మన డాబాలకు అందం. వచ్చినవాళ్లకు ముందే ఒక మాట చెప్పండి. "పూర్తిగా విచ్చేదాకా టార్చి, ఫ్లాష్ వద్దు, చీకట్లోనే కూర్చుందాం" అని. పది నిమిషాలకు కళ్లు చీకటికి అలవాటు పడతాయి. ఇరవై ముప్పై నిమిషాలకు పువ్వు తెలుపు కంటికే బాగా తెలుస్తుంది. ఆ తరువాత హారతి ఇవ్వండి. ఆ వెలుగు రెండు మూడు ఫ్రేముల్లో బంగారు రంగుగా పడుతుంది. దాన్ని తీసేయకండి. అది మన ఇంటి రాత్రి అని చెప్పే గుర్తు అదొక్కటే.

ఇంత చేశాక వీడియోలో ఏం కనిపిస్తుంది? ముందుగా బయటి సన్నటి ఎర్రటి రేకులు ఒక్కొక్కటిగా విడివడి వెనక్కి వంగుతాయి. తెల్ల రేకుల కొనలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. ఒక కొన విడిపోగానే ఆ రేకు చటుక్కున జరుగుతుంది, మొత్తం మొగ్గ ఉలిక్కిపడుతుంది. నెమ్మదిగా, ఒకే తీరుగా తెరుచుకుంటుందని మనం ఊహించుకున్న పువ్వు, ఆగి ఆగి, అదురుతూ తెరుచుకుంటుంది. రేకు లోపలి వైపు కణాలు బయటి వైపు కణాలకన్నా వేగంగా ఉబ్బడం వల్ల వచ్చే విరుపు ఇది. తరువాత లోపల సన్నటి కేసరాల గుత్తి, వాటి మధ్య నక్షత్రంలా చీలిన కీలాగ్రం బయటపడతాయి. ఎప్పుడైనా చిమ్మట వస్తే ఆ ఫ్రేములో లేత పొగలాంటి ఒక గీత మిగులుతుంది. ఎన్నోసార్లు చూసిన పువ్వే అయినా ఆ 36 సెకన్లు చూస్తే మొక్క ఒక పని చేస్తోందని, అది శ్రమ పడుతోందని అర్థమవుతుంది. నాకు ఈ సరదా మీద ప్రేమ కలగడానికి కారణం అదే.

మీ ఇంట్లో బ్రహ్మకమలం లేకపోయినా ఫరవాలేదు. డాబా మీద కూరగాయ పాదు ఉంటే చాలు. పొట్ల పువ్వు చీకటి పడే వేళకు విచ్చుతుంది. ఐదు తెల్లటి రేకుల అంచులకు సన్నటి దారాలు ఉంటాయి. మొగ్గలో అవి చుట్టలు చుట్టుకుని ఉంటాయి. సాయంత్రానికి ఆ చుట్టలు ఒక్కొక్కటే వీడి, జాలరులా పరుచుకుంటాయి. కూరకు కోసే కాయను చూసినంతగా ఆ పువ్వును మనం చూడం. ఆనప పువ్వు, బీర పువ్వు కూడా సాయంత్రం పూట విచ్చేవే. వీటికి ఇంటర్వల్ కాస్త తగ్గించి, ఆరు సెకన్లకు ఒక ఫోటో తీయవచ్చు. అయితే ఇక్కడ ఇంకో కష్టం ఉంది. మునిమాపు వేళ వెలుతురు గంట, గంటంపావులో పూర్తిగా పడిపోతుంది. అందుకని కాస్త కాస్త వ్యవధిలో షట్టర్ సమయాన్ని మెట్లు మెట్లుగా పెంచుకుంటూ పోవాలి. ఆ మెట్ల దగ్గర వచ్చే వెలుతురు తేడాను తరువాత సాఫ్ట్‌వేర్‌లో సరిచేసుకోవచ్చు.

మరొక విన్నపం. బ్రహ్మకమలం నిండుగా విచ్చగానే చాలామంది కెమెరా కట్టేస్తారు. దయచేసి తెల్లవారేదాకా నడవనివ్వండి. ఇంటర్వల్‌ను ముప్పై సెకన్లకు పెంచితే కార్డు నిండదు, మీరు వెళ్లి నిద్రపోవచ్చు. తెల్లవారుజామున కాడ మెత్తబడి తల వాల్చడం, రేకులు ఒకదాని మీద ఒకటి ముడుచుకోవడం విచ్చుకోవడమంత ఆసక్తికరమైన విషయాలు. పూయడం ఎంత క్రమబద్ధంగా జరుగుతుందో వాడిపోవడమూ అంతే క్రమబద్ధంగా జరుగుతుంది. సగం కథ చూసి పువ్వు తెలిసిందనుకోకూడదు.

చివరిగా, తీసిన ప్రతి వీడియోకూ ఒక నోటు పుస్తకంలో నాలుగు వివరాలు రాసి ఉంచండి. తేదీ, మొదటి రేకు కదిలిన సమయం, పూర్తిగా విచ్చిన సమయం, ఆ రోజు వాన పడిందా లేదా. ఒకే వీధిలో నాలుగైదు ఇళ్ల బ్రహ్మకమలాలు ఒకే రాత్రి పూస్తాయని మనవాళ్లు తరచూ అనుకుంటూ ఉంటారు. అది నిజమేనా, నిజమైతే వాన వల్లనా, వేడి తగ్గడం వల్లనా, ఒకే మొక్క నుంచి కొమ్మలు పంచుకోవడం వల్లనా? సమయం నమోదైన వీడియోలు పది డాబాల నుంచి వస్తే ఈ ప్రశ్నలకు మనమే జవాబు వెతుక్కోవచ్చు. ఫోటో అందాన్ని చూపిస్తుంది. గడియారం జతపడిన టైమ్‌లాప్స్ సాక్ష్యం కూడా ఇస్తుంది. దానికి కావలసింది ఒక ఫోను, ఒక ట్రైపాడ్, లైట్లార్పే మనసు. ఈ వానాకాలం మీ కుండీలో మొగ్గ కనిపించగానే పక్క వీధిలో మొక్క ఉన్నవాళ్లకు కూడా ఫోన్ చేసి, ఇద్దరూ ఒకే రాత్రి కెమెరాలు పెట్టండి.